62 వేలా, 95 వేలా? బాత్రూము చీటీ చదివేది ఎట్లా

మా ఇంటామెకు రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పి. కింద కూర్చునే కక్కూసు ఆమె వల్ల కావడం లేదు. ఒకరోజు తెల్లారుజామున లేవబోయి గోడ పట్టుకుంటే చెయ్యి జారి పడింది. దేవుడి దయ, ఎముక విరగలేదు. ఆ రోజే అనుకున్నాను, బాత్రూము పగలగొట్టి కుర్చీ మాదిరి వెస్టర్న్ కక్కూసు పెట్టించాల్సిందే అని.

ముగ్గురిని పిలిచినాను. గుడియాత్తం నుంచి ఒక కుర్ర కాంట్రాక్టరు వచ్చి, రెండు నిమిషాలు చూసి, "మొత్తం 62 వేలు, సామాను కూడా నాదే" అన్నాడు. వేలూరు నుంచి ఇంకొకాయన ఒక పిల్లోడిని పంపించినాడు. వాడు ఫోన్లో ఫోటోలు తీసుకుపోయి, మూడో రోజు అచ్చు కాగితం పంపించినాడు. 95 వేలు. మూడో ఆయన మా పరదరామి మేస్త్రీనే. ఆయన చీటీలో ఒకటే వరస, తమిళంలో: "లేబర్ మట్టుం 28,000". కూలి మాత్రమే, సామాను మనమే కొనుక్కోవాలి.

గది ఒకటే. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. చీటీలు మాత్రం మూడు రకాలు. మూడింటినీ పక్క పక్కన పెట్టుకుని చూస్తే నాకేమీ అర్థం కాలేదు. ఒకాయన సామానుతో కలిపి చెప్తాడు, ఒకాయన లేకుండా చెప్తాడు, ఇంకొకాయన కాగితంలో సగం నాకు తెలియని మాటలే. నాకు చదువు అయిదో క్లాసు. కానీ మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా నూలు లెక్క చూసినవాడిని. ఇన్ని మీటర్ల గుడ్డకు ఇంత నూలు, అందులో ఇంత వేస్టు అని కాగితం లేకుండా చెప్పేవాళ్ళం. బాత్రూము కూడా అట్లాంటి లెక్కే కదా అని టేపు తీసుకుని కూర్చున్నాను.

అంతకు ముందు ఒక మాట చెప్పాలి. పద్నాలుగేళ్ళ క్రితం ఇదే బాత్రూము మొదటిసారి కట్టించినప్పుడు ముగ్గురిని అడిగి, అందరికంటే తక్కువ చెప్పినవాడికి ఇచ్చేసినాను. మనవాళ్ళు చాలామంది చేసే పనే అది. సగానికి పైగా డబ్బు ముందే తీసుకున్నాడు. పని ఎనిమిది రోజుల్లో అయిపోయింది, చూడటానికి బాగానే ఉండింది. మూడు వానాకాలాలు పోయినాక పక్కింటి గోడ చెమ్మ పట్టింది. మా రెండిళ్ళకూ నడుమ గోడ ఒకటే. పక్కింటి వదిన బీరువా వెనక చీరలకు బూజు పట్టి, వాళ్ళూ మేమూ చాలా నెలలు మాట్లాడుకోలేదు. పగలగొట్టి చూస్తే నేలకు వాటం లేదు, నీళ్ళు దిగకుండా వేయాల్సిన పూత అసలే లేదు. కట్టినవాడు అప్పటికి ఏ ఊర్లో ఉన్నాడో. తక్కువకు చేయించుకున్నానని అనుకున్న పని రెండుసార్లు డబ్బు పెట్టించింది. ఈసారి గ్రాట్యుటీలో మిగిలిన డబ్బు తీసి పెడుతున్నాను. అది మళ్ళీ వచ్చే డబ్బు కాదు.

ఇక లెక్క. ఎక్కువ డబ్బు టైల్స్ కొలతలోనే తప్పుతుంది కాబట్టి ముందు అదే చూద్దాం.

గది చుట్టుకొలత 7, 4, 7, 4 కలిపితే 22 అడుగులు. గోడలకు ఏడడుగుల ఎత్తు దాకా టైల్స్ చాలు, ఆ పైన సున్నమో పెయింటో వేసుకోవచ్చు, అక్కడ నీళ్ళు పడవు. 22ను 7తో గుణిస్తే 154 చదరపు అడుగులు. అందులో తలుపు తీసేయాలి. రెండున్నర అడుగుల తలుపు, ఏడడుగుల ఎత్తు, పదిహేడున్నర. మిగిలింది 136న్నర. నేల 28. రెండూ కలిపి 164న్నర, 165 అనుకుందాం. కోతలో, పగిలేదాంట్లో పోయేది నూటికి పది వేసుకుంటే 181 అడుగులు కొనాలి.

వేలూరు కాగితంలో టైల్స్ 270 చదరపు అడుగులు అని ఉంది. ఎట్లా వచ్చింది అని ఫోన్ చేసి అడిగినాను. చెప్పడానికి కొంచెం తడబడినాడు కానీ చివరికి చెప్పినాడు. గోడ తొమ్మిది అడుగులూ కొలిచినారు, తలుపు తీయలేదు, వేస్టు నూటికి ఇరవై వేసినారు. మిల్లులో నూటికి ఇరవై వేస్టు చూపించి ఉంటే మనల్ని గేటు దగ్గరే ఆపేసి ఉండేవాళ్ళు. ఇందులో రెండు దెబ్బలు ఉన్నాయి, గమనించండి. టైల్స్ కొనేదాంట్లో 89 అడుగులు ఎక్కువ, అడుగు 45 రూపాయల లెక్కన 4,005. అంటించే కూలి కూడా అదే 270 అడుగులకు వేసినారు, అడుగుకు 35. అంటించేది 165 అడుగులే. వేస్టుకు కూలి ఉండదు కదా! అక్కడ 3,675. రెండూ కలిపితే 7,680 రూపాయలు. ఒక టేపు, ఒక పెన్సిలు, అర్ధగంట పని.

టైల్స్ కొట్లో అడుగుల లెక్కన చెప్తారు, పెట్టెల లెక్కన అమ్ముతారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గోడ టైల్ పెట్టెకు మామూలుగా అయిదు ఉంటాయి. పదడుగులు అంటారు గానీ, పెట్టె మీద 0.9 చదరపు మీటరు అని ఉంటే అది సుమారు 9.7 అడుగులే. కొనే ముందు పెట్టె మీద అచ్చు చదవండి. నాకు గోడకు 16 పెట్టెలు, నేలకు 4 పెట్టెలు పట్టినాయి. అన్నిటి మీదా ఒకే బ్యాచి నంబరు ఉండేటట్లు చూసుకోవాలి, లేకపోతే రంగు కొంచెం తేడా వస్తుంది, మనం నూలు లాటు చూసినట్టే. ఈ టైల్స్ ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. గుడియాత్తంలో కొన్నా చిత్తూరులో కొన్నా సరుకు అక్కడిదే, తేడా అంతా కొట్టువాడి లాభంలో, బండి బాడుగలో. నేలకు మాత్రం మెరిసే టైల్ వద్దు. గరుకుగా ఉండేది తీసుకోండి. కొట్లోనే దాని మీద కాసిని నీళ్ళు పోసి బొటనవేలితో రాచి చూస్తే తెలిసిపోతుంది.

కక్కూసు బేసిను గురించి. మనకు దగ్గరలోనే రాణిపేటలో పింగాణి సామాను ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నారు, విరుదాచలంలోనూ చేస్తారు. ఏ కంపెనీదైనా సరే, కొనే ముందు రెండు చూడాలి. ఒకటి, మలం పోయే దారి గోడలోకా, నేలలోకా. గోడలోకి పోయేదాన్ని పీ ట్రాప్ అంటారు, నేలలోకి పోయేదాన్ని ఎస్ ట్రాప్ అంటారు. మన ఇంట్లో పైపు ఎటు ఉంది, గోడ నుంచి ఎంత దూరంలో ఉంది అని కొలుచుకుని పోవాలి. తప్పుగా కొంటే కొట్టువాడు వెనక్కి తీసుకోడు. రెండోది ఎత్తు. మోకాళ్ళు నొప్పి ఉండేవాళ్ళను కొట్టుకు తీసుకుపోయి దాని మీద కూర్చోబెట్టి లేపి చూడండి. మా ఇంటామె సిగ్గుపడింది, కొట్లో అంతమంది ముందర నేను కూర్చోను అనింది. బలవంతం చేసి కూర్చోబెట్టినాను. మొదట చూసిన రెండూ పనికిరాలేదు, మూడోది తీసుకున్నాము.

మిగతా సామాను మా ఊరి ధరల్లో చెప్తాను. మీ ఊర్లో వేరుగా ఉండొచ్చు, అడుగుకోండి. టైల్స్ రెండు రకాలూ కలిపి 8,640. సిమెంటు పది మూటలు 3,700. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి నూటికి 28 నుంచి 18కి దిగింది. పాత ధర చీటీలో రాసుకుని వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు, కొట్లో ఈ రోజు మూట ఎంత అని అడిగి పోల్చుకోండి. ఎమ్‌సాండ్ అర యూనిట్ 2,500. బేసిను, ఫ్లష్ ట్యాంకుతో 8,500. పైపులు 6,500. కొళాయిలు, షవరు, చేతి పైపు 5,500. నీళ్ళు దిగకుండా పూత మందు 2,200. సందుల్లో నింపే పొడి, తెల్ల సిమెంటు 900. ప్లాస్టిక్ తలుపు 3,200. గోడకు పట్టుకునే కమ్మీలు రెండు 1,600. పగలగొట్టిన మట్టి, పెళ్ళలు ఎత్తుకుపోవడానికి ట్రాక్టరు 1,500. అన్నీ కూడితే 44,740.

పైపుల్లో ఒక మోసం ఉంది. కక్కూసు నీళ్ళు పోయే పైపు మీద ఐఎస్ 13592 అని అచ్చు ఉంటుంది. అందులో ఏ రకం, బీ రకం అని రెండు. ఏ రకం పలచన, అది వాన నీళ్ళకు, గాలి గొట్టానికి. బీ రకం మందం, మలం నీళ్ళకు అదే వాడాలి. గోడలో పూడ్చేసినాక ఏది వేసినారో ఎవరికి తెలుస్తుంది? అందుకే పూడ్చే ముందు చూడాలి, ఫోన్లో ఒక ఫోటో తీసుకోవాలి. వేడి నీళ్ళు వచ్చే పైపు సీపీవీసీ, మీగడ రంగులో ఉంటుంది. చల్ల నీళ్ళకు తెల్లది చాలు. వేడి నీళ్ళకు తెల్లది వేస్తే మెత్తబడి కొన్నాళ్ళకు సందులు వదులుతుంది.

ఇప్పుడు కూలి. 28 వేలు ఎక్కువా తక్కువా అని మేస్త్రీని అడగకుండా నేనే రోజుల లెక్క వేసినాను. పగలగొట్టడానికి ఇద్దరు మగ కూలీలు, రెండు రోజులు, మనిషికి 800 చొప్పున 3,200. మేస్త్రీ ఎనిమిది రోజులు, 1,100 లెక్కన 8,800. ఆయన కింద మగ కూలీ ఒకరు ఎనిమిది రోజులు, 6,400. చిత్తాళు ఒకామె ఎనిమిది రోజులు, 600 లెక్కన 4,800. ప్లంబరు రెండు రోజులు, 2,400. మొత్తం 25,600. దాని మీద మేస్త్రీ పనిముట్లు, ఆయన తిరుగుడు, ఏదైనా తప్పు జరిగితే మళ్ళీ చేసే బాధ్యత, వీటికి నూటికి పది వేస్తే 28,160. ఆయన చెప్పింది 28,000. ఇది న్యాయమైన చీటీ అని అప్పుడు తెలిసింది.

అయినా నోరు ఊరుకోలేదు. "25కు చేయి మేస్త్రీ" అన్నాను. ఆయన కోపపడలేదు. "అన్నా, మిల్లులో మీ రోజు కూలి తగ్గించి ఉంటే మీరేం చేసుంటారు?" అని అడిగినాడు. నేను చెప్పలేదు గానీ, మీకు తెలుసు, నాకు తెలుసు. పోగు తెగితే చూసీ చూడనట్టు వదిలేసి ఉండేవాళ్ళం. ఒక్క రూపాయి పెంచమని గేటు ముందర కూర్చున్నవాళ్ళం మనం. ఆ మాటతో కూలి మీద బేరం ఆపేసినాను. ఇంకొకటి కూడా అడిగినాను, చిత్తాళుకు 600, మగ కూలీకి 800 ఎందుకు, ఇద్దరూ ఒకే గంప మోస్తున్నారు కదా అని. మేస్త్రీ నవ్వి, "ఊర్లో అంతే" అన్నాడు. ఒకే పనికి ఒకే కూలి అని చట్టం 1976లోనే వచ్చింది. ఎనిమిది రోజులకు తేడా 1,600. ఆ డబ్బు నేనే ఆమె చేతికి ఇచ్చినాను. దీన్ని గొప్పకు చెప్పడం లేదు, చీటీలో ఆ వరస కూడా చదవండి అని చెప్తున్నాను.

సామాను 44,740, కూలి 28,000, కలిపితే 72,740. ఇది నా లెక్క. ఇప్పుడు మిగిలిన రెండు చీటీలను దీని పక్కన పెట్టండి.

95 వేలు చూడగానే దోపిడీ అనుకుంటాం. తీరా చూస్తే అంతా దోపిడీ కాదు. టైల్స్ కొలతలో 7,680 తప్పు. అది చూపించినాక 87 వేలకు దిగినాడు. మిగిలినదాంట్లో సామాను కొని తెచ్చి, మనుషులను పెట్టి, నిలబడి చేయించేదానికి ఆయన లాభం ఉంటుంది. ఇంట్లో మగదిక్కు లేనివాళ్ళకు, కొట్ల చుట్టూ తిరగలేని ముసలివాళ్ళకు ఆ డబ్బు ఇవ్వడం తప్పు కాదు. ఇంకొంత ఖరీదైన కొళాయిలకు పోయింది, అవి మాకు అక్కరలేదు. కానీ ఆ కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒకటి ఉంది: "జీఎస్టీ 18% అదనం". 95 వేలకు 18 శాతం అంటే 17,100. అంటే ఆ కాగితం 95 వేలది కాదు, లక్షా పన్నెండు వేల నూరుది. మా అల్లుడు చూసి చెప్పేదాకా నాకు కనపడలేదు. జీఎస్టీ నంబరు ఉండేవాళ్ళే ఆ పన్ను వసూలు చేయాలి, బిల్లు ఇవ్వాలి. నంబరు లేనివాడు పన్ను అని అడిగితే అది వాడి జేబుకే. "బిల్లు వద్దంటే జీఎస్టీ వద్దులే" అన్నారు ఫోన్లో. వినడానికి బాగుంటుంది. రేపు పని పాడైతే చూపించడానికి మన చేతిలో ఏముంటుంది?

నిజంగా భయపడాల్సింది 62 వేలకు. నా లెక్కలో సామానుకు, కూలికే 72,740 అయితే, ఇతను పదివేలు తక్కువకు ఎట్లా చేస్తాడు? సొంత డబ్బు పెట్టి చేయడు కదా. పిలిచి, టీ ఇచ్చి, ఒక్కొక్కటే అడిగినాను. పాత టైల్స్ పగలగొడతావా? "లేదు మామా, పైనే కొత్తవి అంటిస్తాము." పాతవి గట్టిగా ఉండి, దానికని అమ్మే జిగురుతో అంటిస్తే అదేమీ తప్పు పని కాదు. కానీ మా నేలకు వాటం సరిగ్గా లేదు, పైన అంటిస్తే ఆ తప్పు అట్లనే ఉండిపోతుంది, పైగా నేల లేచి గుమ్మానికి తగులుతుంది. పూత మందు? "అది కావాలంటే ఎక్స్‌ట్రా." పైపులు మారుస్తావా? "పాతవి బాగానే ఉన్నాయి కదా." చూడకుండానే బాగున్నాయని ఎట్లా తెలిసిందో! పెళ్ళలు ఎత్తడం? "మీరు చూసుకోండి." అడ్వాన్సు? "40 వేలు." ఆ కుర్రోడు చెడ్డవాడు కాదు. పని దొరకాలని తక్కువ చెప్తాడు, మొదలుపెట్టినాక ఒక్కొక్కటీ ఎక్స్‌ట్రా అని అడుగుతాడు. గది పగలగొట్టి ఉంటుంది, ఇంట్లో ఆడవాళ్ళు పక్కింటి కక్కూసుకు పోతుంటారు, అప్పుడు మనం కాదనలేము. అతను చెప్పిన ఎక్స్‌ట్రాలు కూడితే 80 వేలు దాటింది.

చీటీ చదివేటప్పుడు అంకె కంటే ముందు, రాయనిది ఏమిటో వెతకండి. పగలగొట్టేది, పెళ్ళలు ఎత్తేది, పూత, పైపు రకం, తలుపు, పని చేసేటప్పుడు కరెంటు ఎవరిది, నీళ్ళు ఎవరివి. రాయని ప్రతిదానికీ తర్వాత ఒక ధర ఉంటుంది.

మేస్త్రీతో నేను ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాను. నాకు తమిళం చదవడం అంతంత మాత్రం, ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మన ఊర్లలో ఇది అందరికీ ఉండే చిక్కే. మా మనవరాలు రెండు భాషల్లోనూ రాసింది, ఇద్దరం కింద సంతకం పెట్టినాము. అందులో డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో రాసుకున్నాము. మొదలుపెట్టే రోజు 5,000. పగలగొట్టి పైపులు వేసినాక 8,000. పూత వేసి నీళ్ళు నిలిపి చూసినాక 5,000. టైల్స్ అయినాక 7,200. చివరి 2,800 పదిహేను రోజులు వాడి చూసినాక. మేస్త్రీ పక్క నుంచి కూడా ఒక వరస రాసినాము. గోడలో ఏముందో పగలగొట్టే ముందు ఎవరికీ కనపడదు కదా. ఊహించని పని వస్తే, రోజు కూలి ఇదే లెక్కన, ముందు చెప్పి చేయాలి. అట్లాంటిది ఒకటి వచ్చింది కూడా. పాత ఇనప పైపు ఒకటి తుప్పు పట్టి గోడలోనే విరిగిపోయింది. ఒకటిన్నర రోజు పని, ఆయన పిలిచి చూపించినాడు, 2,850 ఎక్కువైంది. అది న్యాయమే.

నీళ్ళు నిలిపి చూడటం గురించి చెప్పకుండా పోకూడదు. పూత వేసి ఆరినాక, టైల్స్ అంటించక ముందు, నేల మీది తూము మూతిని ప్లాస్టిక్ సంచీ, గుడ్డతో గట్టిగా మూసేయాలి. గడప దగ్గర చిన్న మట్టి కట్ట కట్టి, రెండంగుళాల ఎత్తు నీళ్ళు నింపాలి. గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, తలుపు మూసి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయాలి, రెండు రోజులైతే ఇంకా మంచిది. ఎండకు కొంచెం తగ్గితే పరవాలేదు. అరంగుళం, అంగుళం తగ్గితే ఎక్కడో దిగుతోందని. మా ఇంట్లో మొదటిసారి పొద్దున చూస్తే గీత కింద ముప్పావు అంగుళం లేదు. పక్కింటి వదిన కూడా వచ్చి చూసింది, ఆమెకూ గోడ భయం ఉంది కదా. మేస్త్రీ వెతికి వెతికి, తూము పైపు చుట్టూ పూత సరిగ్గా పట్టలేదని కనిపెట్టి, మళ్ళీ రెండు చేతులు పూసినాడు. రెండోసారి నిలిచింది. టైల్స్ అంటించినాక ఇది తెలిసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మళ్ళీ పూసినదానికి ఆయన డబ్బు అడగలేదు, కాగితంలో ఉంది కాబట్టి.

వాటం అడుగుకు పావు అంగుళం తూము వైపు దిగాలి. టైల్స్ అయినాక ఒక చెంబు నీళ్ళు మూలలో పోసి చూడండి, నీళ్ళే చెప్తాయి. ప్రతి టైల్‌నూ ఒక నాణెంతో తట్టండి. బోలుగా శబ్దం వస్తే కింద సిమెంటు నిండలేదని. మాకు నాలుగు దొరికినాయి, తీసి మళ్ళీ అంటించినారు.

పైసా ఖర్చు లేని పని ఒకటి, ఏ చీటీలోనూ లేదు. తలుపు బయటికి తెరుచుకునేటట్లు పెట్టించండి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు వాళ్ళే అడ్డం ఉంటారు, తోయలేము. కమ్మీలు కూడా టైల్‌కు కాదు, ఇటుకలోకి దిగేటట్లు బోల్టు వేయించాలి. మనిషి బరువంతా దాని మీదే పడుతుంది.

సెప్టిక్ ట్యాంకు గురించి ఒక మాట. బాత్రూము చేయించేటప్పుడే ట్యాంకు కూడా తీయించుకోమంటారు. ఒకాయన "మనిషిని దించి తీయిస్తాను, బండి కంటే తక్కువకు అయిపోతుంది" అన్నాడు. వద్దు. మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి గాలికి నిమిషంలో మనిషి పోతాడు, కాపాడటానికి దిగినవాడూ పోతాడు. పీల్చే బండినే పిలవండి.

ఇంత జాగ్రత్త పడినా చెడిపోతే? డబ్బు ఇచ్చి చేయించుకున్న పని కాబట్టి వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్ వేలూరులో ఉంది. అయిదు లక్షల లోపు పనికి ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే పోవచ్చు, రెండేళ్ళ లోపల పోవాలి. 1915కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. కానీ అక్కడ మొదట అడిగేది కాగితం, బిల్లు. పద్నాలుగేళ్ళ క్రితం నా దగ్గర రెండూ లేవు.

మొత్తం మీద మాకు అయింది 77,400. నా లెక్క 72,740కి ఇనప పైపు కూలి, దానికి కొత్త పైపు, చిత్తాళుకు ఇచ్చింది కలిసినాయి. ఇంటామె ఇప్పుడు తెల్లారుజామున ఒక్కతే పోయి వస్తుంది. పక్కింటి వదిన గోడ మీద చెయ్యి పెట్టి చూసి, పొడిగా ఉందని వాళ్ళ ఇంటికి కూడా మా మేస్త్రీనే పిలిపించుకుంది. వాళ్ళ గది కొలవడానికి నేనే పోయినాను.

టేపు మా ఇంట్లోనే ఉంది. పరదరామిలో ఉండేవాళ్ళు ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకుపోండి, పని అయినాక తెచ్చి ఇవ్వండి. పోయిన నెల తీసుకుపోయిన ఆయన ఇంకా తేలేదు.